పూనకం

సూర్యాపేటలో కోదాడ బస్సు ఎక్కాను. పక్క సీట్లో యాభై ఏళ్లావిడ కూర్చుంది. ముఖాన పసుపు ఆరిపోయింది, గొంతు బొంగురుపోయింది. ఒంట్లో బాగా లేదా అని అడిగాను.

“పొద్దుగాల పూనకమొచ్చింది సారూ,” అంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “రాలే. వచ్చినట్టు చేసిన.”

చివ్వెంల దగ్గర వాళ్ల ఊరు. ఊరి వెనక ఎల్లమ్మ గుట్ట. అక్కడ పుల్ల విరిస్తే అమ్మ కళ్లు తీసుకుంటుందని తాతల నాటి భయం. ఆ భయంతోనే చెట్లు మిగిలాయి, చెట్ల వల్ల గుట్ట కింది బావిలో ఎండాకాలం కూడా నీళ్లుండేవి. ఇప్పుడు రోడ్లకు వేసే మొరం మట్టి కోసం గుట్టను తవ్వుతున్నారు. చెట్లు పోయాయి, బావి అడుగంటింది. కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినా ఎవరూ వినలేదట. చివరికి ఆమె జుట్టు విరబోసుకుని జేసీబీ ముందు ఊగింది. డ్రైవర్ దండం పెట్టి బండి వెనక్కి తిప్పాడు.

“అమ్మ పేరు మీద అబద్ధమాడిన. నా కండ్లు పోతయా సారూ?”

“పోవమ్మా,” అన్నాను. నమ్మినట్టు లేదు.

“పోతె పోనీ. రేపు వేరే డ్రైవర్ని తెస్తరంట. ఆడు భయపడకపోతె ఎట్ల? అందుకే మునగాలల మా అక్కను తోల్కరానీకి పోతున్న. రేపు ఇద్దరం ఊగుతం.” నా చెయ్యి పట్టుకుంది. “రేపన్న అమ్మ నిజంగ రావాలె సారూ.”

మునగాలలో దిగిపోయింది.

నేను ఏ దేవుడికీ మొక్కే మనిషిని కాను. ఆ పూట మాత్రం కోదాడ వచ్చేదాకా ఎల్లమ్మకు మొక్కుతూనే ఉన్నాను.