అమ్మ మొక్కుకున్న ఎండ

డెబ్బైల చివర్లో మా అన్న సైన్యంలో ఉండేవాడు, కాశ్మీరు కొండల్లో. జహీరాబాద్‌లో పుట్టి పెరిగిన మాకు మంచు అంటే సోడా దుకాణంలో రంపపు పొట్టు కప్పి పెట్టే ఐసుగడ్డే. ఒక చలికాలం, అన్న ఉండే దారిలోనే మంచుచరియలు విరిగిపడి బండ్లు కూరుకుపోయాయని రేడియోలో చెప్పారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. అమ్మ మాత్రం చెక్కుచెదరలేదు.

"ఐసే గద బిడ్డా. జర ఎండ కొడితే కరిగిపోతది. నా కొడుకు నడుసుకుంట వస్తడు."

మర్నాటి నుంచి సూర్యుడికి మొక్కులు మొదలుపెట్టింది. ఆదివారమొక్కటే సరిపోదని రోజూ వాకిట్లో తూర్పుముఖంగా పాలు పొంగించేది, ఉప్పులేని కూడు తినేది. నాకసలే కోపమెక్కువ, మబ్బు తునక కనిపిస్తే చాలు నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. ఇక్కడా అక్కడా సూర్యుడొక్కడే కదా అని మా ధైర్యం.

ఒక మధ్యాహ్నం రోడ్డు మీద లారీ ఆగింది. ట్రంకుపెట్టెతో అన్న దిగాడు. ముఖం కమిలిపోయి, ముక్కు మీద తోలు ఊడిపోయి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క కార్డు ముక్కైనా రాయొద్దా అని ఏడుస్తూనే తిట్టాను.

అన్నకు జొన్నరొట్టె వడ్డిస్తూ అమ్మ తన మొక్కు సంగతి గొప్పగా చెప్పింది. అన్న నమలడం ఆపేశాడు.

"ఎండ కోసం మొక్కినవా అమ్మా? కొత్త మంచు పాత గడ్డ మీద అతుక్కోదు. జొన్నల రాశి మీద జొన్నలు పోసినట్టే. ఎండ తగిలి తడైతే కొండంత జారి నెత్తిన పడ్తది. మేము ఎండ రావద్దని మొక్కినం. బండ్లు ఆడనే ఇడిసి, తెల్లారకముందే ఒక్కొక్కరం, దూరం దూరంగ దాటినం. పొద్దెక్కినంక కూలింది. ఖాళీ బండ్లే పోయినయి."

అమ్మ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. "అయ్యో, నా కొడుకు మీదికి నేనే తెస్తినా!"

"ఫికర్ చెయ్యకు. నీ మొక్కు ఆడికి చేరేలోపల మేము దాటిపోయినం."

ముగ్గురం పడీపడీ నవ్వాం. అమ్మ నవ్వుతూనే అన్న వీపు నిమురుతూ ఏడ్చింది.

సెలవైపోయింది. అన్నను బస్సెక్కించి వచ్చి, అమ్మ నేరుగా శొంఠి కోసం అల్లం ఆరబోసిన వాకిట్లోకి వెళ్ళి సూర్యుడి ముందు నిలబడింది.

"నాయనా, నీకు రోజు పాలు పొంగిస్త. ఈ అల్లం మీదనే ఉండు. అటు దిక్కు మాత్రం పోకు."

నేను నవ్వలేదు. పక్కన నిలబడి నేనూ దండం పెట్టాను.