తమ్ముడి ఫోన్‌లోని బాణీ

తమ్ముడు చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో పనిచేసేవాడు. డ్యూటీకి బండి మీద పోతూ హైవే మీద లారీ తగిలి చనిపోయాడు. పదకొండో రోజు కేతేపల్లిలో మా ఇంటి ముందే ఆదరణ కూడిక పెట్టుకున్నాం. మా చర్చిలో ఆ కూడికలో చనిపోయినవాళ్లకు ఇష్టమైన పాట ఒకటి పాడతారు. నాయిన పోయినప్పుడు ఏ పాటో ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు. తమ్ముడి విషయంలో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

వాడు చర్చిలో వెనక వరుసలో కూర్చుని పెదవులు కదిపేవాడు, అంతే. ఇంట్లో మాత్రం ఒకటే బాణీ. ఫోన్‌లో రాళ్లకు తగలకుండా పడవ నడిపే ఆట ఒకటి ఆడేవాడు. ఆట నడిచినంతసేపూ ఆ బాణీ చివరికి పోయి మళ్లీ మొదటికొస్తుంది. స్నానానికి పోతూ, చెప్పులు వెతుక్కుంటూ వాడు దాన్నే కూనిరాగం తీసేవాడు. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండా బంద్ చెయ్యమనేదాన్ని.

చర్చిలో కీబోర్డు వాయించే అతను మిగతా రోజుల్లో సెంట్రింగ్ పని చేస్తాడు. ముందు రోజు అతని దగ్గరికి పోయి ఆ బాణీ వాయిస్తావా అని అడిగాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. స్కేలు ఏంది, టెంపో ఎంత అని మాత్రం అడిగాడు. ఇంటికొచ్చి నెట్‌లో వెతికాను. ఒక పేజీలో వేగం నిమిషానికి నూట నలభై దెబ్బలు, సి మేజర్, భావం సంతోషం అని ఉంది. ఇంకో పేజీలో వేగం డెబ్బై, ఏ మైనర్, భావం విషాదం. రెండూ అదే బాణీ గురించి. ఏది నిజమో తెలియక రెండూ కాగితం మీద రాసి తీసుకుపోయాను.

అతను తమ్ముడి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కాసేపు కీబోర్డు మెట్ల మీద వేళ్లు కదిపాడు.

"రెండు కరెక్టే అక్కా."

"రెండు ఎట్ల కరెక్టయితయి?"

"ప్రతి దెబ్బ లెక్కవెడ్తె నూట నలభై. దెబ్బ ఇడిసి దెబ్బ లెక్కవెడ్తె డెబ్బై. స్కేలు గూడ గంతే. అన్ని తెల్ల మెట్లే. సి మీద ఆపితె సంతోషం, ఏ మీద ఆపితె దుఃఖం. ఏడ ఆపాల్నో నువ్వే చెప్పాలె."

"అసలుది ఏడ ఆగుతది?"

"అది ఆగదక్కా. తిరుగుతనే ఉంటది."

కూడికలో నేను చెయ్యి ఎత్తినచోట ఆపుతానన్నాడు.

వాడు సంతోషంగా ఉండేవాడో లేదో నాకు తెలియదని అప్పుడు అర్థమైంది. ఒకసారి కంపెనీ మందుల వాసన చేతుల్నించి పోవట్లేదన్నాడు. వేరే పని చూసుకొమ్మని చెప్పి మళ్లీ చదువుకున్నాను. ఆ నెలంతా వాడు ఎక్కువ పాడాడు. బాగానే ఉన్నాడనుకున్నాను. ఎప్పుడు పాడేవాడని అమ్మను అడిగాను. "ఆకలైతె పాడుతుండె. తిన్నంక గూడ పాడుతుండె" అంది అమ్మ.

మర్నాడు కూడికలో అతను వాయించడం మొదలుపెట్టాడు. ముందు కూర్చున్న ఆడవాళ్లు కొత్త ఆరాధన పాట అనుకుని చప్పట్లు అందుకున్నారు. సగం మంది ప్రతి దెబ్బకూ కొడుతున్నారు, సగం మంది దెబ్బ విడిచి దెబ్బకు. ఒక అవ్వ మాటలు ఏవని పక్కామెను అడుగుతోంది. బాణీ ఒక చుట్టు తిరిగింది. అతను నావైపు చూశాడు. రెండో చుట్టులో ఒకచోట చెయ్యి లేవబోయింది. ఇది దుఃఖం చోటా, సంతోషం చోటా అని ఆలోచించేలోగా అది దాటిపోయింది. నాలుగో చుట్టు నడుస్తుండగా పాస్టరయ్య, పాట పాడేవాళ్లు ఎవరూ లేరనుకున్నట్టున్నారు, ప్రార్థన చేసుకుందామని లేచారు. అతను చటుక్కున చేతులు తీశాడు.

భోజనాలయ్యాక నా దగ్గరికొచ్చి ఏమీ అనుకోవద్దన్నాడు. ఏ మెట్టు మీద ఆగిందని అడిగాను.

"డి మీద. నడుమల."

"అది సంతోషమా, దుఃఖమా?"

అతను కీబోర్డు వైరు చుట్టసాగాడు.

"గది తెల్వదక్కా. దాని తర్వాతది వాయిస్తెనే తెలుస్తది."

అని కీబోర్డు సంచిలో పెట్టుకున్నాడు. చప్పట్లు కొట్టిన ఆడవాళ్లలో ఒకామె వచ్చి, పాట మంచిగుంది, వచ్చే ఆదివారం మాటలు నేర్పమని నన్ను అడిగింది. సరే అన్నాను. ఎందుకన్నానో తెలియదు.