కానుగ నీడ, డాబా మీది ఎండ

మే నెల రెండో ఆదివారం, సాయంత్రం. నల్గొండలో మా ఇంటి డాబా. ఉన్నవారు: నేను, నా భార్య, మా అబ్బాయి, సోలార్ పలకలు బిగించే కంపెనీ మనిషి, మేకలు పెంచుకునే పక్కింటామె.

నందికొండ ప్రాజెక్టులో ఉద్యోగం చేస్తూ కాలువల నీటి మట్టాలు రాసిన అలవాటు కొద్దీ డైరీలో ఇప్పటికీ ముందు తేదీ, తర్వాత మనుషుల వరస రాస్తాను. ఆ రోజు మాత్రం ఆ వరస దాటి కలం కదల్లేదు.

గుండెజబ్బు వచ్చిన దగ్గర్నుంచి నా భార్య వేడికి తట్టుకోలేకపోతోంది. ఏసీ పెట్టించాం. బిల్లుకు భయపడి ఆమె దాన్ని ఆపేసుకుని, చెమటలో తడుస్తూ పడుకుంటోంది. సబ్సిడీ ఉంది కదా, డాబా మీద సోలార్ పెట్టిద్దామని అబ్బాయి అన్నాడు. నేనూ సరేనన్నాను. కంపెనీ మనిషి డాబా అంతా తిరిగి పడమటి వైపు చెయ్యి చూపాడు.

"అంత మంచిగనే ఉంది సార్. గా చెట్టొక్కటే అడ్డం. పొద్దు పడమటికి తిరిగితే పలకల మీద నీడ పడ్తది. కొట్టేస్తే ఫికరే లేదు."

ఆ కానుగ చెట్టు పక్కింటామెది. ఆమెకున్నది ఒక్క రేకుల గది. మే నెలలో ఆ గదిలో మనిషి ఉండగలుగుతోందంటే ఆ చెట్టు వల్లనే. మేకలు కూడా దాని కిందే పడుకుంటాయి.

అబ్బాయి ఆమెను పైకి పిలిచి సంగతి చెప్పాడు. ఆమె చెట్టు వైపు చూడనైనా లేదు.

"సబ్సిడీ అంటే గొర్ల సబ్సిడీ లెక్కనేనా, బిడ్డా?"

"గంతే చిన్నమ్మా. కొంత సర్కారు పెట్టుకుంటది."

"మరి నా రేకుల మీద గూడ పెడ్తరా?"

కంపెనీ మనిషి నవ్వాడు. "నీ రేకులు గాలికే ఊగుతున్నయ్ అమ్మా. గట్టి స్లాబుండాలె."

"గట్లనా! స్లాబోళ్లకు సబ్సిడీ, రేకులోళ్లకు ఎండ." తనూ నవ్వింది. తర్వాత నా వైపు తిరిగి, "మీ ఇష్టం సారూ," అని దిగిపోయింది.

"ఒప్పుకుంది నాయినా! పొద్దుగాల చెట్టు కొట్టేటోన్ని పిలుస్త," అన్నాడు అబ్బాయి.

మా దిక్కు 'మీ ఇష్టం' అంటే ఒప్పుకోలు కాదు. పెళ్లిమాటల్లో అయినా, పొలం గెట్టు దగ్గర అయినా, కాదనలేని మనిషికి కాదని చెప్పే మాట అది. హాస్టళ్లలో పెరిగిన మావాడికి ఆ సంగతి తెలియదు.

"నా కోసం ఆమె ఇల్లు కాలాల్నా?" అంది నా భార్య. "నాకు ఏసీ వద్దు, ఏమొద్దు." అన్నట్టే చేస్తుందని నా భయం.

సబ్సిడీ దండగ అనలేను. మా డాబా మీద ఊరికే పోయే ఎండతో కరెంటు పుడితే ఎక్కడో అంత బొగ్గు మిగులుతుంది. కానీ సబ్బుబిళ్ల కొన్నా పక్కింటామె పన్ను కడుతూనే ఉంది. ఆ సొమ్ము చేరేది స్లాబున్న నాకు. పైగా కరెంటు లేకుండానే ఆమెకు చల్లదనమిచ్చేది ఆ చెట్టు. కరెంటు ఆదా కోసం దాన్ని నరకడం ఏం ఆదా? అబ్బాయికి ఈ మాట చెబితే, "మరి అమ్మ సంగతేంది?" అన్నాడు.

మర్నాడు పొద్దున రంపం మనిషి వచ్చేలోపే పక్కింటామె వాకిట్లోకి వెళ్లాను.

"చెట్టు కొట్టనియ్య. ఏ కొమ్మ తీస్తే నీ ఇంటికి ఎండ తాకదో నువ్వే సూపియ్యి. అసొంటి కొమ్మ లేదంటే అదీ వద్దు."

ఆమె చెట్టు చుట్టూ తిరిగి, మా డాబా మీదికి పాకిన ఒక్క కొమ్మను చూపింది. మిగతా నీడ వల్ల తక్కువ పలకలే పెట్టుకోవాల్సొస్తుందని అబ్బాయి గొణిగాడు గానీ ఎదురు చెప్పలేదు. కొమ్మ కిందపడగానే మేకలు దాని చుట్టూ మూగాయి. ఎండెక్కేసరికి రేకుల మూలన పళ్లెమంత వెలుతురు పడింది. ఆమె పీట ఎక్కి అక్కడ అరచెయ్యి ఆనించింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

"ఇప్పుడైతే సల్లగనే ఉంది సారూ," అంది, చెయ్యి తియ్యకుండానే. "మిట్టపగటికి సూడాలె."