తలకిందుల నెమలి

ఆ రోజుల్లో మా గద్వాల మగ్గాల ఇళ్లలో ఆడపిల్ల అంటే దారం కండెలు చుట్టే చెయ్యి, అంతే. ఇవాళ మా మనవరాలు కంప్యూటరులో బొమ్మ గీస్తే పక్కనున్న మిషను చెక్కను అచ్చం అలాగే కోసిపెడుతుంది. "చూసినవా అవ్వా, చెప్పినట్టు వింటది!" అని నాకే పాఠం చెబుతుంది. ఓసి పిచ్చిదానా, చెప్పినట్టు వినే మిషనుతో నేను పదిహేడో ఏటనే కొట్లాడాను.

మా మగ్గం మీదికి జకార్డు వచ్చిన ఏడాది అది. చిల్లులు కొట్టిన అట్టలను వరుసగా దారంతో కుట్టి పైన వేలాడదీస్తారు. చిల్లు ఎక్కడుంటే అక్కడి నిలువు పడుగు పోగు లేస్తుంది, అట్టకో వరుస చొప్పున బొమ్మ నేతలోకి దిగుతుంది. నేర్పడానికొచ్చిన సారు మగవాళ్లను కూర్చోబెట్టుకుని చెబుతుంటే, నేను కండెలు చుడుతూ చెవులన్నీ అటే పెట్టాను. (ఉన్నవి రెండే, ఆ వారం నాలుగింటి పని చేశాయి.) ఆయన వెళ్లగానే "నెమలి బొమ్మకు అట్టలు నేను కొడత నాయినా" అన్నాను.

"నువ్వు కొడితే చీర జల్లెడైతది."

"చిల్లులు అట్టకు పడతయి, చీరకెందుకు పడతయి?"

నాయినకు పౌరుషం వచ్చింది. "సరే, మచ్చుకు గుడ్డ నేస్త. నెమలి సక్కగ రాకుంటే మల్ల మగ్గం మాటెత్తొద్దు. వస్తే నా జాగల కూసో!"

గళ్ల కాగితం మీద నెమలిని గీసి, నూటిరవై అట్టలు కొట్టాను. వేళ్లు బొబ్బలెక్కాయి. మా దగ్గర గుడ్డను బోర్లా నేస్తారు, అసలు ముఖం కిందివైపు ఉంటుంది. అందుకని నాయిన నేయడం అయ్యాక గడ్డం గీసుకునే అద్దాన్ని మగ్గం కింద పెట్టి చూశాడు. చూసి పకపకా నవ్వాడు. నా నెమలి తల నేలకు, కాళ్లు ఆకాశానికి!

"వామ్మో, గిదేందే? చచ్చిన నెమలిని నేపిచ్చినవు!" వాడకట్టంతా వచ్చి అద్దంలో తొంగి చూసి పోయింది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఒక్క చిల్లూ తప్పలేదు. బడిలో నాలుగక్షరాలు నేర్చిన పుణ్యానికి, కాగితాన్ని ఉత్తరంలాగా పైనుంచి చదువుకుంటూ వచ్చి తల అట్టను ముందు కుట్టాను. నేతేమో గోడలాగా కిందినుంచి లేస్తుంది. "మిషనుది తప్పు లేదు నాయినా. నేను తలకిందులు చెప్పిన, అది తలకిందులే విన్నది" అని అట్టలన్నీ దింపాను.

"పందెం ఒడిసిపాయె గదనే!"

"సక్కగ రావాలన్నవు. మొదటిసారే రావాలన్నవా?"

రెండు రోజులు కుట్లు విప్పి, కాళ్ల అట్టను ముందు పెట్టి మళ్లీ కుట్టాను. ఈసారి అద్దంలో నెమలి నిలబడింది. నాయిన తువ్వాల భుజాన వేసుకుని లేచాడు. "కూసో" అన్నాడు. కూర్చున్నదాన్ని నలభై ఏళ్లు లేవలేదు.

నాయిన కోసి పారేసిన ఆ మొదటి గుడ్డ ఇంకా నా పెట్టెలో ఉంది. మొన్న మనవరాలికి చూపించి ఈ కథంతా చెప్పాను. అది గుడ్డను తీసుకుని పై అంచు కిందికి తిప్పి పట్టుకుంది. చచ్చిన నెమలి నిక్షేపంగా కాళ్ల మీద నిలబడింది.

"గిట్ల తిప్పితే అయిపోతుండె గదా అవ్వా?"

అయిపోతుండె! అద్దంలో చూసి నవ్వినవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. రెండు రోజులు కుట్లు విప్పుకుంటూ కూర్చున్న మహా తెలివైనదానికి అసలే తట్టలేదు. ఆ పదిహేడేళ్ల పిల్లను తలచుకుంటే నవ్వూ వచ్చింది, ముద్దూ వచ్చింది. గుడ్డను లాక్కుని మళ్లీ తలకిందులే పట్టుకున్నాను.

"గిట్లనే ఉండనియ్ బిడ్డా. మా ఇంట్ల నా మాట మొదలు విన్నది గిదే."