ఆవిడ చెయ్యి వేసిన లాప్‌టాప్

ఏలూరులో రైలెక్కిన పెద్దావిడ నా పక్కన కూర్చున్నారు. ఆవిడ చేతిసంచిలోంచి బైబిలు అంచు కనిపిస్తోంది. నేను లాప్‌టాప్‌తో కుస్తీ పడుతున్నాను. నాది గుహలు కొలిచే పని. ఆ కొలతలిస్తే పటం గీసిపెట్టే సాఫ్ట్‌వేర్లు కొన్ని చూసి, బొమ్మలు బాగున్నాయని ఒకటి ఎంచుకున్నాను. అది విండోస్‌లోనే నడుస్తుంది. నాది మాక్. ఆ సంగతి డౌన్‌లోడ్ చేసుకున్నాక గానీ చదవలేదు.

"ఏం బాబూ, పాడైపోయిందాండీ?"

"తెరుచుకోవట్లేదండీ," అన్నాను. చూసుకోకుండా ఎంచుకున్నానని చెప్పడానికి నామోషీ అనిపించింది.

ఆవిడ కొంగు తలమీదికి లాక్కుని, లాప్‌టాప్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు.

"ప్రభువా, ఈ బిడ్డ పని ఆగిపోకుండా చూడు తండ్రీ."

ఎదుటి సీటువాళ్లు మాటలాపేశారు.

"ఇప్పుడు నొక్కండి బాబూ."

నొక్కాను. తెరుచుకోలేదు.

"నా ప్రార్థనలోనే ఏదో లోపమండీ, ఏమీ అనుకోకండి," అన్నారావిడ చిన్నబోయి.

కాదండీ, తప్పు నాది అనాలి. "పర్లేదులెండి," అన్నాను.

ఆవిడ తాడేపల్లిగూడెంలో దిగిపోయారు. రైలు కదిలాక చూస్తే, ప్లాట్‌ఫాం మీద సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, నా కిటికీ వైపు చెయ్యి చాచి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నారు.

తెరుచుకోదని తెలిసీ, మరోసారి నొక్కాను.