‘ఇదిగో’ కొబ్బరి లౌజు

రాజోలు నుంచి అమలాపురం వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఒళ్లో స్వీటు డబ్బా. మూత మీద ‘ఇదిగో కొబ్బరి లౌజు’ అని అచ్చు వేసి ఉంది.

“అదేం పేరండీ?” అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. “ముందు ‘మామ్మగారి లౌజు’ అని అమ్మేదాన్నండి. పక్కూరాయన అదే పేరు పెట్టి, ముక్కవాసన కొట్టే సరుకు అమ్మేడు. తిట్లు నాకొచ్చేయి. పేరు రిజిస్టర్ చేయిద్దామని వెళ్తే, మామ్మగారు ఊరూరా ఉంటారు, లౌజుకి ఇంకెవరూ పెట్టని పేరు చెప్పమన్నారు లాయరుగారు.”

“మీ పేరే పెట్టొచ్చుగా?”

“అదెవరికి తెలుసండీ? మా ఆయన ఉన్నన్నాళ్లూ నన్ను ‘ఇదిగో’ అనే పిలిచేరు. నేనూ పలికేను. అదే రాయించేను. ట్రేడ్‌మార్కు వచ్చేసింది.”

“ఇప్పుడు ఇంకెవరూ పెట్టుకోకూడదా?”

“ఆయ్! పెట్టి చూడమనండి. కోర్టుకి లాగుతాను” అని డబ్బా దగ్గరికి లాక్కున్నారు.

ఆ సాయంత్రం నేను ఇంట్లో అడుగుపెట్టగానే మా ఆయన, “ఇదిగో, కాఫీ” అన్నారు.

“ఆ పేరు రిజిస్టరైపోయిందండీ. నాకు వేరే పేరుంది, దాంతో పిలవండి” అన్నాను.