పళ్ళతో విన్న విల్లు

రంగూను తాకేటాలో మా వీధి చివర డా ఖిన్ మ్యా అనే బర్మా ఆవిడ తూటికూర మడుగు ఉంది. అందులో ఒక కొర్రమేను ఉండేది. అది ఒకసారి కుక్కను మింగిందని నేను చాలామందికి చెప్పాను. ఆ కుక్క ఇంకా టీ కొట్టు ముందు తోకాడిస్తూ తిరుగుతోంది కాబట్టి, రుచి నచ్చక ఉమ్మేసిందని కూడా చెప్పాను. బాతుపిల్లల సంగతి మాత్రం నేను కల్పించింది కాదు. డా ఖిన్ మ్యా బాతు పొద్దున మందతో నీళ్ళలోకి దిగేది, సాయంత్రం ఒక పిల్ల తక్కువతో ఒడ్డెక్కేది. వల వేస్తే తూటితీగలకు చిక్కుకునేది. గాలానికి ఆ చేప లొంగలేదు. మందు కలుపుదామంటే అదే నీళ్ళలోని కూరను ఆమె బజారులో అమ్ముకోవాలి.

ఆ చేపను కొట్టినవాడు మా ధర్మరాజు మావ. దేంతో కొట్టాడో చెబితే నేను మళ్ళీ కోతలు కోస్తున్నానంటారు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

రంగూనులో తెలుగువాళ్ళం ఇప్పుడు కొద్దిమందిమే మిగిలాం కాబట్టి అందరికీ అందరూ ఏదో ఒక వరస అవుతారు. అలా ఆయన నాకు మావ. ఆయన తాత గంజాం వైపునుంచి ఓడెక్కి వచ్చాడు. తండ్రి డోలక్కులు తొలిచాడు. ఈయన అరవయ్యేళ్ళు దాటేదాకా ఆ డోలక్కులకు తాళ్ళు బిగిస్తూ బతికాడు. తామ్వేలో మా భజన మందిరం ఉంది. అక్కడి పెద్ద డోలక్కు ఆయన తండ్రి చేతిది. తాళ్ళ మధ్య ఇత్తడి కడియాలుంటాయి. వాటిని అటూ ఇటూ జరిపి, చర్మంమీద వేలితో కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. గోరంత తేడా వస్తే పాట ఆపించేవాడు. దేవుడు కాస్సేపు ఆగుతాడు, అపస్వరం ఆగదు అనేవాడు.

తర్వాత చెవులు పోయాయి. ఒక్కసారిగా కాదు. ముందు దోమల రొద పోయింది, అది లాభమే అన్నాడు. తర్వాత బస్సు హారన్లు పోయాయి. చివరికి మా అత్త అప్పలనరసమ్మ గొంతు పోయింది, అదీ లాభమే అన్నాడు. ఆమె పెదాలు చూసి తిట్లు చదవడం వచ్చేదాకా ఆ లాభం నిలిచింది.

కాని తింజాన్ నీళ్ళ పండగ తర్వాతి శనివారం భజనకు ఆయన బిగించిన డోలక్కు పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. ఆయనకు వినపడలేదు. అందరి ముఖాలమీది నవ్వు మాత్రం కనపడింది. పాట ఎత్తుకునే కనకరత్నం పెద్దమనిషి. ఏమీ అనకుండా డోలక్కు తీసి గోడకు తగిలించి, తాళాలు పట్టుకున్నాడు. అలా ఏమీ అనకపోవడమే మావకు గట్టిగా తగిలింది. ఇంటికొచ్చి కడియాలు, కొయ్యసుత్తి, తాళ్ళు, ఉలి అన్నీ బిస్కెట్ల డబ్బాలో వేశాడు. పాత ఇనుము కొనేవాడు వస్తే ఇచ్చేయమని అత్తకు చెప్పాడు. వాడు వీధిలోకి వచ్చినప్పుడల్లా అత్త ఆ డబ్బాను బియ్యం కుండలో దాచేది. "ఆడు ఈ మద్దిన రావడం నేదు" అని పెదాలు బాగా కదిపి చెప్పేది.

మావ కిటికీ దగ్గర కూర్చుండిపోయాడు. డబ్బా పోతే మనిషి కూడా దాని వెంటే పోతాడని మా అందరికీ తెలుస్తూనే ఉంది.

నా బడి తొమ్మిదో తరగతితో నాకు తృప్తినిచ్చింది. మిగతా చదువంతా ఫోనులో చదివాను. కరెంటు ఉన్నప్పుడు చార్జింగు పెట్టుకుని, పోయినప్పుడు మావ పక్కన చేరి బొమ్మలు చూపించేవాణ్ణి. మాటలు వినపడకపోయినా నష్టం లేని వీడియోలు ఏరి పెట్టేవాణ్ణి. వాటిలో ఒకటి మంచుదేశంలో ఉండే ఇన్యూట్ మనుషుల విల్లు గురించి. అక్కడ చెట్లు ఉండవు. సముద్రం కొట్టుకొచ్చిన కర్రే గతి. ఆ కర్ర వంచితే పుటుక్కున విరుగుతుంది. అందుకని వాళ్ళు వింటి వీపుమీద, అంటే వేటవైపు ఉండే ముఖంమీద, ఈ చివరనుంచి ఆ చివరకు జంతువుల నరాలతో పేనిన తాళ్ళు పరుస్తారు. సన్నటి ఎముక పుల్లలు ఆ తాళ్ళ మధ్య దూర్చి మెలిపెడతారు. లాగినప్పుడు భారం తాళ్ళమీద పడుతుంది, కర్ర బతుకుతుంది. ఆ వింటితో తిమింగలాలను కొడతారని నేను చేతులు చాచి చెప్పాను. మావ నా చేతుల వైపు చూడలేదు. తెరమీద రెండు వేళ్ళు పెట్టి బొమ్మను పెద్దది చేశాడు.

"ఇది డోలక్కేరా" అన్నాడు. చెవులు పోయినప్పటినుంచి ఆయన మాట వీధి అవతలికి వినపడుతుంది. "కర్రకి బలం నేదు. బలవంతా తాడుది. ఆ ఎముక మన కడియం. ఈ విల్లు నాను కట్టగల్ను."

కడితే ఆ కొర్రమేను నా చేతిలో చచ్చిందే అన్నాను. అప్పటికి నేను వింటిని ముట్టుకుని ఎరగను. అయినా తాకేటాలో నా అంత గురి ఉన్నవాడు లేడు.

చిమిండైంగ్ బజారులో సరుకుల పెట్టెలు విప్పేచోట దేవదారు పలక ఒకటి దొరికింది. పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాని చెక్క. నా ఛాతీ ఎత్తున కోసి, ఉలితో చెక్కి, గాజు పెంకుతో గీకి నున్నగా చేశాడు. చివర్లను అన్నం కుండ ఆవిరిమీద పెట్టి కొద్దిగా ముందుకు వంచాడు. ఆ పూట అన్నం దేవదారు వాసన వేసింది. అత్త పెదాలు కదిపింది, మావ కళ్ళు మూసుకున్నాడు.

వీపుమీదకు మృదంగం తోలువారు వేశాడు. తోలుకన్నా నమ్మకమైనది మావకు ఈ లోకంలో లేదు. తప్పు అక్కడే జరిగింది. రాత్రంతా వాన కురిసింది. పొద్దున నేను వీధిలో అందరూ చూస్తుండగా విల్లెత్తి లాగాను. అది ఫటుమని విరిగి ఒక ముక్క నా దవడమీద కొట్టింది. ఆ వాపు గురించి తామ్వేలో నేను చెప్పిన కథలో నలుగురు మనుషులు, ఒక కత్తి ఉన్నాయి.

మావ తోలువారును వేళ్ళ మధ్య నలిపి చూశాడు. అది మెత్తబడి సాగిపోయి ఉంది. "తడికి తోలు దిగిపోతాదని డోలక్కు నాకు ముప్పయ్యేళ్ళ కాడే సెప్పింది. సెవితో పాటు బుర్ర కూడా పోనాది" అన్నాడు. తర్వాత అత్త వైపు తిరిగాడు. "ఇంకొకటి సేస్తాను. అదీ ఇరిగిపోనాదంటే, ఆ డబ్బా బియ్యంలోంచి తీసీ, ఆడికిచ్చీ."

డబ్బా ఎక్కడుందో ఆయనకు మొదటినుంచీ తెలుసు. అత్త వెళ్ళి బియ్యం కుండమీద మూత బిగించింది.

ఈసారి నేను వలలల్లే ఆకుపచ్చ నైలాన్ దారం తెచ్చాను. అత్త దాని కొసను కిటికీ ఊచకు కట్టి, జడ అల్లినట్టు అల్లి ఇచ్చింది. కొత్త కర్ర వీపుమీద మావ ఆ తాళ్ళు పరిచాడు. అవి జారకుండా అక్కడక్కడ కర్ర చుట్టూ ముడులు వేశాడు. గేదె పక్కటెముకను రెండు పుల్లలుగా అరగదీసి తాళ్ళలో దూర్చాడు. సగం చుట్టు మెలి, పుల్లను అవతలికి తోసి మళ్ళీ సగం చుట్టు.

అక్కడ పని ఆగిపోయింది. మెలి తక్కువైతే అది ఉత్త కర్ర. ఎక్కువైతే తాడే కర్రను విరిచేస్తుంది. ఎక్కడ ఆపాలో డోలక్కుకైతే చెవి చెప్పేది. మావ తాడును వేలితో మీటి, నా ముఖంలోకి చూసి, పలికిందా అని అడిగాడు. బ్రహ్మాండం అన్నాను. ఇంకో మెలి వేసి మళ్ళీ అడిగాడు. బ్రహ్మాండం అన్నాను.

"నీకు అన్నీ బెమ్మాండమేరా" అన్నాడు. అయినా వదల్లేదు. ఊడిపోతున్న ముడిని రెండు చేతులతో పట్టుకున్నాడు. వింటి కొస జారుతుంటే పళ్ళతో కరిచాడు. నేను ఊరికే ఉండలేక తాడును టింగుమని మీటాను.

మావ బొమ్మలా అయిపోయాడు. నోట్లో కర్ర అలాగే ఉంది. కళ్ళు మాత్రం నామీదికి తిరిగాయి. మళ్ళీ మీటమని చేత్తో సైగ చేశాడు. మీటాను. ఇంకొకసారి. ఆయన దవడ ఎముకమీద చర్మం అదిరింది, అది నేను కళ్ళారా చూశాను. కర్రను నోట్లోంచి తీయకుండానే ఎముక పుల్లను పావు చుట్టు తిప్పి, మళ్ళీ మీటమన్నాడు. ఆయన కళ్ళలోకి నీళ్ళొచ్చాయి.

"ఇనపడతంది" అన్నాడు. అరవలేదు. ఎన్నో నెలల తర్వాత మనిషి మామూలు గొంతుతో మాట్లాడాడు. "పుర్రె లోపల ఇనపడతంది."

అత్త వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

వింటిని అందరికీ కనపడేలా పట్టుకుని తాకేటా వీధుల్లో నడవడం, సిపాయిలు తిరుగుతున్న ఈ రోజుల్లో తెలివైన పని కాదు. అందుకని పాత లుంగీలో చుట్టి, చంటిబిడ్డలా భుజాన వేసుకుని మడుగు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎదురొచ్చిన ముసలమ్మ ఒకామె బిడ్డ పొడుగ్గా పుట్టిందే అంది. తండ్రి పోలిక అన్నాను. బాణం వెదురుది, దాని మొన సైకిల్ ఊచ. మొన పక్కన కొక్కెంలా ముల్లు, దాని వెనకనుంచి పొడుగాటి దారం, దారం చివర ఖాళీ నూనె డబ్బా.

ప్రాణం తీయడం చూస్తే పాపమని డా ఖిన్ మ్యా మాకు వీపు తిప్పి గట్టుమీద కూర్చుంది. పెద్దదేనా అని మాత్రం మధ్యమధ్య బర్మా భాషలో అడుగుతూనే ఉంది.

కొర్రమేనుకు నీళ్ళు చాలవు. గాలి పీల్చడానికి అప్పుడప్పుడు పైకి రావాలి. అది వచ్చింది. తూటాకుల మధ్య నల్లటి తల కనపడింది, నా తొడంత వెడల్పు. నేను వేశాను. బాణం అవతలి గట్టుమీద అరటిచెట్టులో దిగింది. చెట్టు మాత్రం చాలా పెద్దదని ఒప్పుకోవాలి.

దారం పట్టి లాగి బాణం వెనక్కి తెచ్చేసరికి జల్లు మొదలైంది. మావ నా చేతిలోంచి విల్లు తీసుకున్నాడు. కొసను పళ్ళ మధ్య పెట్టి మీటి, తల అడ్డంగా ఊపాడు. తడికి తాళ్ళ బిగువు దిగిందట. మొలలోంచి ఎముక పుల్ల తీసి తాళ్ళలో దూర్చాడు. ఒక మెలి వేశాడు. ఇంకొకటి వేయబోతుంటే కర్ర కిర్రుమంది. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. విరుగుతోంది మావా, నా చెవులతో విన్నాను, ఆపు అని పెదాలు సాగదీసి చెప్పాను. బియ్యంలోని డబ్బా నా కళ్ళముందు కదిలింది.

మావ నా చెయ్యి తీసేశాడు. "అది కర్ర కాదు, ముడి సర్దుకుంటంది. నీకు ఇనపడింది బయటిది." మెలి వేశాడు. మళ్ళీ కిర్రుమంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి విల్లు చెక్కుచెదరలేదు. ఆయన చివరిసారి మీటి, కళ్ళు సగం మూసి, కచేరీ మొదలయ్యే ముందు వాయిద్యగాడు తల ఊపినట్టు ఊపాడు.

తర్వాత నిలబడ్డాడు. అలా నిలబడటం నేను కొంగలో తప్ప మనిషిలో చూడలేదు. అవతల రోడ్డుమీద బస్సు అరిచింది, మోటారుసైకిలు పేలింది, డా ఖిన్ మ్యా పెద్దదేనా అంది. ఆయనకు అవేవీ లేవు. నీళ్ళు ఉన్నాయి, వానచుక్కల సుళ్ళు ఉన్నాయి. ఆ సుళ్ళలో ఒక్కటి వానది కాదు. నాకు అన్నీ ఒకలాగే కనపడ్డాయి. ఆయన లాగాడు. పొయ్యిలోకి తప్ప పనికిరాని ఆ చెక్క విరగకుండా వంగింది. దాని వీపుమీద ఆకుపచ్చ తాళ్ళు బిగుసుకుని సన్నగా మెరిశాయి. చేప కనపడేచోటుకు ఒక జానెడు కిందికి గురిపెట్టాడు. నీళ్ళలో వస్తువు ఉన్నచోట కనపడదు గదా.

బాణం వెళ్ళడం నేను చూడలేదు. నూనె డబ్బా నా కాళ్ళ దగ్గరనుంచి ఎగిరి మడుగులో పడి, పడవలా పరుగు తీసింది. దారం పట్టి లాగడానికి మాకిద్దరికీ ఊపిరి ఆగినంత పనైంది. గట్టుమీద పడ్డ చేప మావ చెయ్యంత ఉంది. నా లెక్కలో అది మొసలంత. ఈ ఒక్కచోట మావ లెక్కే రాస్తున్నాను. డా ఖిన్ మ్యా ఇటు తిరిగి, చేపకు చేతులు జోడించి మంచి జన్మ ఎత్తమని దీవించి, తలవైపు సగం తనకు కావాలంది.

అత్త పులుసు పెట్టింది. తిన్నాక చెయ్యి కడుక్కుని, బియ్యం కుండలో మోచేతిదాకా చెయ్యి పెట్టి డబ్బా తీసింది. మావ ముందు పెట్టి, పెదాలు నెమ్మదిగా కదిపింది.

"పాత ఇనపోడు రేపొస్తాడట. ఏటి సెప్పమంతావు?"

"నాకు ఇనపడదని సెప్పు" అన్నాడు మావ.

శనివారం తామ్వే భజనలో మావ లేచి, గోడకున్న తండ్రి డోలక్కు దించాడు. కనకరత్నం తాళాలు ఆపేశాడు. మావ కూర్చుని డోలక్కును ఒళ్ళో నిలబెట్టి, దాని కొయ్య అంచును పళ్ళతో కరిచాడు. ఎవరికో నవ్వొచ్చింది. నేను అటు ఒక చూపు చూశాను. మావ చర్మంమీద వేలితో కొట్టాడు, ఒక కడియం జరిపాడు, కొట్టాడు, ఇంకొకటి జరిపాడు. చివరి కడియం దగ్గర చాలాసేపు ఆగాడు. దాన్ని గోరంత కిందికి లాగి, మూతి తుడుచుకుని, డోలక్కు కనకరత్నం చేతిలో పెట్టాడు. కనకరత్నం ఒక్క దెబ్బ వేసి వింటూ ఉండిపోయాడు. తర్వాత డోలక్కు వాయిస్తూ పాట ఎత్తుకున్నాడు.

ఆ డోలక్కు అంచున ఇప్పుడు వరసగా పళ్ళ గుర్తులున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఎలుక కొరికిందా అని అడుగుతారు. అవును, తాకేటా ఎలుక, తిమింగలాన్ని కొట్టిందని చెబుతాను. నమ్మరు. అప్పుడు మావను చూపిస్తాను.